డబ్బిచ్చినవాళ్ళదే రిపోర్టు

ఆస్ట్రేలియాలోని ఇప్స్‌విచ్‌లో అమ్మకానికి పెట్టిన చెక్క ఇళ్ళ కింద పాకి చెదలు వెతకడమే మెర్విన్ టాల్బట్ బతుకు. ఇరవై ఏడేళ్ళుగా టార్చిలైటు, స్క్రూడ్రైవరు పట్టుకుని నేలకీ ఇంటికీ మధ్య దూరుతున్నాడు. పిడితో దూలాన్ని తట్టి చెవి ఒగ్గుతాడు. మంచి చెక్క ఖంగుమంటుంది. చెదలు తిన్నది అట్టపెట్టెలా పలుకుతుంది. బారులో కూడా బల్ల తట్టి చూడందే గ్లాసు పెట్టడు.

రిపోర్టు డబ్బిచ్చినవాళ్ళది, మూడో మనిషికి చెప్పకూడదు. ఆ పనిలో అది కట్టుబాటు. అందుకే ఒక పచ్చరంగు ఇంటి వరండా రెయిలింగ్ డొల్ల అని రాసిచ్చాక, కొనాలనుకున్న జంట ఆ ఇంటికో దండం పెట్టి వెళ్ళిపోయినా అతను నోరు విప్పలేదు. ఆ ఇల్లు అమ్మిపెడుతున్న ఏజెంటు క్రెయిగ్ మరుసటి వారమే ఇంకో ఇన్‌స్పెక్టర్ని తెచ్చాడు. ఆ వచ్చినవాడు అంతా బాగుందని రాసిచ్చాడు. బ్రాన్విన్ అనే అమ్మాయీ ఆమె మొగుడూ ఆ ఇల్లు కొనేసుకున్నారు.

నెల తర్వాత మెర్విన్ అటుగా పోతుంటే, వాళ్ళ రెండేళ్ళ పాప ఆ రెయిలింగ్‌కి పొట్ట ఆనించి కింద కుక్కని పిలుస్తోంది. ఎనిమిదడుగుల కింద సిమెంటు నేల. బండి ఆపి పరుగున వెళ్ళాడు.

"అమ్మా, ముందు పాపని లోపలికి తీసుకెళ్ళు. ఆ చెక్కలో ఏమీ మిగల్లేదు."

"మీరెవరు?" అంది బ్రాన్విన్.

"చెదలు చూసేవాణ్ణి. ఈ ఇల్లు ఇదివరకే చూశాను."

"ఓహో. మందు కొట్టడానికి ఎంత?"

"ఏమీ వద్దు. రెయిలింగ్ మార్పించుకోండి, చాలు."

"వద్దనేవాళ్ళే ఆఖర్న ఎక్కువ గుంజుతారు. మా దగ్గర రిపోర్టుంది. వెళ్ళండి."

సాయంత్రానికల్లా క్రెయిగ్ ఫోన్ చేశాడు. "ఏం పెద్దాయనా, ఒకళ్ళ రిపోర్టు ఇంకొకళ్ళకి చదివి వినిపిస్తున్నావట! ఇహ నీ నంబరు ఎవరికీ ఇవ్వను."

అన్నంత పనీ చేశాడు. మిగతా ఏజెంట్లదీ అదే దారి. వారానికి ఒక ఇల్లు దొరికితే గొప్పయింది.

ఏడాదిన్నరకి బ్రాన్విన్ నుంచే ఫోన్.

"మెర్విన్ గారూ, మీరన్నది నిజమే. మా ఆయన చెయ్యేస్తే చెక్కలోకి దిగిపోయింది."

మెర్విన్ వెంటనే అడిగాడు. "పాప?"

"బానే ఉంది. ఆ కన్నానికి లప్పం పెట్టి రంగేయించాం. ఇల్లు అమ్మేస్తున్నాం. కొనేవాళ్ళు మిమ్మల్నే పెట్టుకున్నారట, గురువారం. ఆ రెయిలింగ్ ఒక్కటీ తట్టకండి, ప్లీజ్."

"పాప ఇంకా అక్కడే ఆడుకుంటోందా?"

"అమ్మో! దాన్ని వరండాలోకే రానివ్వం. తలుపుకి గొళ్ళెం బిగించాం."

"కొనేవాళ్ళకి పిల్లలున్నారా?"

"కవలలు," అంది బ్రాన్విన్. "అది వాళ్ళు చూసుకోవాలి కదండీ," అంది.

గురువారం అతను ఆ రెయిలింగ్‌ని ఈ చివర నుంచి ఆ చివర దాకా తట్టాడు. విన్నది విన్నట్టు రాశాడు. కవలల తల్లిదండ్రులు వెనక్కి తగ్గారు.

పై వారం ఆ ఇంటి ముందు ఇంకో ఇన్‌స్పెక్టరు బండి ఆగి ఉంది.