చేపల పులుసు, తెనాలి మాత్ర

బాపట్ల చేపల మార్కెట్లో గంగరత్నం నోటికి ఎదురులేదు. అంతటి మనిషి నోరు 2005లో ఒక్క పిలుపుతో మూతపడింది. పక్షవాతంతో తెనాలి ఆసుపత్రిలో పడి లేచి ఇంటికొచ్చిన మొగుడు రాఘవులు ఆమెను ఎగాదిగా చూసి, "అక్కా, కాసిని మంచినీళ్ళిస్తారా?" అన్నాడు మర్యాదగా.

కాలూ చెయ్యీ మెల్లగా స్వాధీనంలోకొచ్చాయి. కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. పెళ్ళాం మాత్రం అక్కే! పేటలో ఆడవాళ్ళు నవ్వితే ఆమే ముందు నవ్వేది, తర్వాత పొయ్యి దగ్గరికెళ్ళి ఏడ్చేది. ఏడవదూ మరి? ముప్పయ్యేళ్ళ కాపురం!

తెనాలి ఆసుపత్రి డాక్టర్ సంజీవరావు మాత్రలు రాసి, మానొద్దని మరీ మరీ చెప్పి పంపాడు. గంగరత్నం మొగుణ్ణి మళ్ళీ చూపించడానికి తీసుకెళ్తే బీపీ చూసి మొహం చిట్లించాడు.

"మాత్రలు రోజూ వేస్తున్నావా?"

"వేస్తున్నానండి. చేపలొండిన రోజు తప్ప."

"అదేంటి?"

"మందుకీ చేపకీ పడదు కదండీ. ఆమాత్రం పథ్యం తెలీదా నాకు?"

"చేపలొండని రోజేది?"

"శనివారమండి. ఏడుకొండలవాడి వారం."

డాక్టరుకి నవ్వాలో తిట్టాలో తెలియలేదు. చివరికి తిట్టాడు. "బీపీ తగ్గించేదీ, రక్తం గడ్డకట్టకుండా ఆపేదీ ఆ మాత్రలేనమ్మా. మళ్ళీ స్ట్రోకొస్తే ఉన్న కాస్త జ్ఞాపకం కూడా పోతుంది. చేపలు పెట్టు, మాత్రా వెయ్యి. పక్కన కూర్చుని పాత సంగతులు చెబుతూ ఉండు. జ్ఞాపకం కొంచెం కొంచెంగా రావచ్చు."

గంగరత్నం లెంపలేసుకుంది. చేజేతులా మొగుణ్ణి చంపుకునేదే! ఆ రోజు నుంచి పులుసన్నం పెట్టడం, మాత్ర మింగించడం, పెళ్ళినాటి కబుర్లు మొదలెట్టడం. రాఘవులు శ్రద్ధగా వినేవాడు. విని, "ఆయనెవరోగానీ మంచోడే అక్కా" అనేవాడు. నెత్తి బాదుకుని, మర్నాడు మళ్ళీ మొదటినుంచి చెప్పేది. విసుగన్నది ఆవిడ జాతకంలోనే లేదు.

వానాకాలం వెళ్ళిపోయింది. ఒకరోజు కర్లపాలెంలో సరుకంతా అమ్ముకుని మిట్టమధ్యాహ్నం ఇల్లు చేరింది. అరుగు మీద వల ముందేసుకుని కూర్చున్న రాఘవులు తలెత్తి కస్సుమన్నాడు.

"ఏమే రత్నం, ఇంతసేపూ ఏం రాచకార్యాలు వెలగబెడుతున్నావే? ఇక్కడ ఆకలితో చస్తున్నా!"

ఇంకో రోజైతే మాటకి నాలుగు మాటలు అప్పజెప్పేదే. గంగరత్నం గంపతో సహా గుమ్మంలో కూలబడింది.

"ఇంకోసారి తిట్టయ్యా" అంది.