ఇంజన్ విప్పొద్దన్నది నేనే

మా ఇంట్లో ఏ వేడుక జరిగినా ఆ పాత వ్యాన్ కథ ఎవరో ఒకరు ఎత్తుతారు, ఎత్తిన ప్రతిసారీ తప్పుగానే చెబుతారు. మొన్న మా తోటికోడలి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కి కుర్చీలూ వంటగిన్నెలూ వేసుకుని ఆ వ్యానే వచ్చి గుమ్మం ముందు ఆగింది. ఇంకేం, మా ఆడపడుచు అందుకుంది. "మా చిన్నొదిన చెవి పెట్టి వినబట్టి ఇది బతికింది గానీ, పెద్దొదిన మాట వినుంటే ఎప్పుడో పాత ఇనుముకి పోయేది. కుళ్ళు మరి!" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కుళ్ళు సంగతి నిజమే, కాదనను. కానీ ఆ ఇంజన్ తీసేసి వేరేది ఎక్కించమని నేను పట్టుబట్టింది మాత్రం కుళ్ళుతో కాదు.

ముందు ఆ కుళ్ళు గురించే చెప్పేస్తాను, దాచుకునేంత చిన్నదేం కాదది. గుంటూరులో బియస్సీ ఫిజిక్స్ చదివి, పొదిలి దగ్గర ఈ ఇంటికి పెద్దకోడలిగా వచ్చాను. నాలుగేళ్ల తర్వాత మా మరిది భార్యగా, పదో తరగతితో మా తోటికోడలు వచ్చింది. వాళ్ల నాన్న దాచేపల్లి వైపు సున్నపురాయి లారీ తోలేవాడు. చిన్నప్పుడు ఉయ్యాల్లో కంటే కేబిన్లోనే ఎక్కువ నిద్రపోయిందట. ఆ పుణ్యమాని వంటింట్లో పచ్చడి నూరుతూనే, వీధిలో వ్యాన్ స్టార్ట్ చేస్తే చాలు, "ఒక సిలిండర్ సరిగ్గా కొట్టట్లేదు, చూసుకోండి" అని కేకేసేది. చూస్తే నిజమే! మోకాళ్ల దాకా వేలాడే ఆవిడ జడని భరించాను. ఆవిడ పెట్టిన చారు మా అత్తయ్య గ్లాసులో పోయించుకుని మరీ తాగడం భరించాను. ఇంజన్ కూడానా? ఇంట్లో ఫిజిక్స్ చదివింది నేను కదా!

ఆ ఏడు మిరప కోతలప్పుడు వ్యాన్ లాగడం మానేసింది. కల్లాల్లో మిరపకాయల టిక్కీ బస్తాలు ఎక్కించుకుని గుంటూరు మిర్చి యార్డుకి బయల్దేరితే, చిన్న ఎత్తు వచ్చినా మూలిగేది. నేను పుస్తకం లెక్కన ఆలోచించాను. ఇంజన్‌కి గాలి కావాలి. గాలి వచ్చే చోట ఫిల్టర్ నిండా మిరప దుమ్ము. ఒక మధ్యాహ్నం, వ్యాన్ తోలే మా మరిది అన్నం తిని కునుకు తీస్తుండగా ఫిల్టర్ డబ్బా మూత ఊడదీశాను. ఫిల్టర్ తీసేసి, మా ఆయన పాత పంచె, పచ్చ అంచుది, చింపి రెండు మడతలు పరిచి, మూత బిగించేశాను. సాయంత్రం మరిది వస్తూనే, "అమ్మా, దీనికేం పూనిందో గానీ దూసుకుపోతోందే!" అన్నాడు. అప్పుడే చెప్పాల్సింది. కానీ వినడానికి అక్కడ అత్తయ్య ఒక్కతే ఉంది. అంత ఘనకార్యానికి ఇంకాస్త పెద్ద సభ కావాలని ఆగాను. ఆ సభ కూడేలోపే వ్యాన్ నీలం పొగ వదలడం, డబ్బాలకి డబ్బాలు ఇంజనాయిలు తాగడం మొదలెట్టింది. గబగబా వెళ్లి మూత తీసి చూస్తే పంచె ముక్క లేదు. ఇంజనే మింగేసింది. చప్పుడు చేయకుండా పాత ఫిల్టర్ మళ్లీ పెట్టేసి, చేతులు కడుక్కుని వచ్చాను.

ఇక పంచాయితీ. ఒంగోలు రోడ్డులో షెడ్డున్న సాయిబు మేస్త్రీ వచ్చి చూశాడు. విప్పి, బోరు కొట్టించి, అంటే సిలిండర్ల లోపలి గోడలు కాస్త కోయించి, కొత్త పిస్టన్లు వేస్తే పది రోజులన్నాడు. వేరే బండి ఇంజన్ తెచ్చి ఎక్కిస్తే రెండు రోజులన్నాడు. "కోతలప్పుడు బండిని పది రోజులు పడుకోబెడతారా ఎవరన్నా? దీన్ని విప్పకుండా అవతల పారేసి, వేరేది ఎక్కించండి" అన్నాను. విప్పకుండా అన్న మాట ఎందుకన్నానో నాకొక్కదానికే తెలుసు. విప్పితే పంచె అంచు బయటపడుతుంది, దానితో నా బియస్సీ కూడా.

మా తోటికోడలు వంటింట్లోంచి పప్పుగుత్తి తెచ్చి, ఒక కొస ఇంజన్‌కి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుంది. "కింద క్రాంకు మోత లేదండీ మేస్త్రీగారూ. అరిగింది పైనే, బాగుచేస్తే సరిపోతుంది."

"పప్పుగుత్తితో నాడి చూసే డాక్టరువి నువ్వొక్కదానివే తల్లీ!" అన్నాను.

"చూడనీ అక్కా, ఫీజేం అడగట్లేదుగా" అంది.

మేస్త్రీ మా ఆయన వైపు తిరిగి, "చిన్నమ్మగారు చెప్పిందే కరెక్టండీ. కొనుక్కొచ్చే ఇంజన్ ఎవరి చేతిలో ఎన్ని పాట్లు పడిందో మనకేం తెలుసు? దీని జబ్బు మన కళ్ల ముందుంది" అన్నాడు. మా ఆయన కూడా అటే మొగ్గాడు.

మర్నాడు అన్నం క్యారేజీ పట్టుకుని నేనూ తోటికోడలూ షెడ్డుకి వెళ్లేసరికి పైభాగం విప్పేశారు. గాలి పోయే గొట్టంలో ఎర్రటి ముద్ద, అందులో పచ్చ అంచు పీలిక. మేస్త్రీ, మరిది అవతల సామాను వెతుకుతున్నారు. ఆవిడ వంగి ఆ పీలిక లాగింది. అంచు చూసింది. తలెత్తి నన్ను చూసింది, ఒక్కసారే. పీలికని బొడ్లో దోపుకుంది. మేస్త్రీ వచ్చి, "మిరప దుమ్ము లోపలికెట్లా పోయిందండీ? బోరంతా గీసుకుపోయింది!" అన్నాడు.

"ఫిల్టరు దులిపి పెట్టింది నేనేనండీ. సరిగ్గా కూర్చోలేదేమో" అంది మా తోటికోడలు.

మరిది అంతమందిలో, "చేతకాని దానివి ఎందుకు ముట్టుకున్నావే?" అని అరిచాడు. నేను క్యారేజీ పట్టుకుని, మూత సరిగ్గా ఉందో లేదో చూస్తున్నట్టు నిలబడ్డాను.

బండి లేచింది. కథలోంచి ఫిల్టరు జారిపోయి, ఆవిడ చెవీ నా కుళ్ళూ మాత్రం మిగిలాయి. ఆ మోకాళ్ల జడ ఇప్పుడు పిడికెడు ముడి అయింది కాబట్టి దాని మీద నాకు పేచీ లేదు. చారు మీద కూడా లేదు. ఆ షెడ్డులో ఆవిడన్న ఒక్క మాట మీదే ఇప్పటికీ నా కడుపు మండుతుంది. ఆ చోట నేనుంటే అనేదాన్ని కాదని తెలుసు కాబట్టి. ఆ ఇంజన్ బ్లాకుకి ఈమధ్య రెండోసారి కూడా బోరు కొట్టించారు. ఇక కోయడానికి లోపల ఇనుము లేదని మేస్త్రీ చెప్పేశాడు. మా ఇద్దరికీ వయసు అలాగే అరిగింది, మాట దాచుకోవడానికి ఇంకెన్నాళ్లో లేవు. మొన్న ఫంక్షన్‌లో కాఫీ తెచ్చి చేతికిస్తూ, "అలిసిపోయావు, కూర్చో అక్కా" అంది. కూర్చున్నాను. అడగలేదు.

ఆ పచ్చ అంచు పీలిక ఏం చేశావే? ఆ రోజే పారేశావా, లేక ఇన్నేళ్లూ ఎక్కడైనా దాచి ఉంచావా?