బాబాయి చేసిన మర్యాద

మాది అమలాపురం. మా పాత కారు ఇంజను ఊరికే వేడెక్కేది. థర్మోస్టాట్ మార్పించాం, ఫ్యాను మార్పించాం, రేడియేటర్ కడిగించాం. కొన్నాళ్లు బాగుండేది. పలివెల వెళ్లి మా బాబాయి ఇంట్లో ఓ రాత్రి ఉండి వచ్చానా, మళ్లీ మొదలు!

ఓసారి బాబాయిని కంటి ఆపరేషన్‌కు తీసుకొస్తుంటే, అంబాజీపేటలో కొబ్బరి లారీల మధ్య బానెట్ కింద నుంచి గుప్పున పొగలేచింది. కారు అంటుకుందనుకుని, కేకలు పెడుతూ ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాగేశాను.

ఇంజను చల్లారాక, పక్క షెడ్డు నుంచి వచ్చిన మెకానిక్ రేడియేటర్ మూత తీసి ముక్కు మూసుకున్నాడు. "పులిసిన కల్లు వాసనొస్తందండీ! ఇందులో ఏం పోసేరండీ?"

బాబాయి నెమ్మదిగా ముందుకొచ్చారు.

"ఆయ్, నేనేనండీ. అమ్మాయి బయల్దేరే ముందు మూత తీసి చూస్తే వెలితిగా కనపడేదండీ. ఓ కొబ్బరి బొండం కొట్టి పోసేవోణ్ణి."

"నీళ్లు పోయకపోయారా అండీ?"

"ఇంటికొచ్చిన బండండీ. వట్టి నీళ్లెలా పోస్తామండీ?"

నోటిదాకా వచ్చిన కోపం అక్కడే ఆగిపోయింది. ఆటో ఎక్కి, వేళకే ఆసుపత్రికి చేరాం.

ఇప్పుడు కారు బాగుంది. పలివెల నుంచి బయల్దేరేటప్పుడు బాబాయి బొండం నా చేతికిచ్చి, బానెట్ నిమురుతారు.

"పాపం, దీనికే ఏం పెట్టలేకపోతన్నానమ్మా."