తుండు కింది ధర

నా ఆర్థికశాస్త్రం వల్ల ఒక ఆవు అమ్ముడుపోకుండా ఇంటికి తిరిగి నడిచింది. తప్పు ఆవుది కాదు. దళారిది కాదు. నూటికి నూరుపాళ్లూ నాదే.

అప్పట్లో ధర్మపురిలో కొత్త లెక్చరర్‌ని. వృక్షశాస్త్రం, గణితం చదివే పిల్లలకు ఆర్థికశాస్త్రం ఓనమాలు చెప్పేవాణ్ని. "ధర అందరికీ తెలిస్తేనే మంచి బజారు" అంటూ బోర్డు నిండా గీతలు గీసేవాణ్ని. ఒకరోజు వృక్షశాస్త్రం మునిలక్ష్మి లేచి, "సార్, మా అమ్మ రేపు సంతకి ఆవును తోలుకొని వస్తాది. ఆడికొచ్చి చూపించండి మీ బజారు" అంది. క్లాసంతా వెంట రాగా పెళ్లికొడుకులా బయలుదేరాను.

అక్కడి సంతల్లో పశువుల ధర నోటితో చెప్పరు. దళారి తన భుజం మీది తుండుగుడ్డ చేతుల మీద కప్పుతాడు. దాని కింద వేళ్లు పట్టుకుని ఒక్కొక్కరితో విడిగా బేరం. ఒకడి మాట ఇంకొకడికి తెలియదు. మునిలక్ష్మి తల్లి రాజమ్మ వానలు పడేలోపు ఇంటికి రేకులు వేయించాలి. ఆశంతా ఆ ఆవు మీదే.

రాజమ్మ తరఫు దళారి కిష్టప్ప, పద్ధతి నాకూ చూపిద్దామని తుండు కింద నా వేళ్లు రెండు నొక్కాడు. "వేలికి పదివేలు సారూ. మొదటోడు అడిగింది ఇది. ఇంకా ఇద్దరుండారు, ఎక్కువిస్తారు. గమ్మునుండండి."

గమ్మునుండటం నా సిలబస్‌లో లేదు.

"చూశారా పిల్లలూ, ఇరవై వేలు!" అని మైకు మింగినవాడిలా అరిచాను.

సంత ఆగిపోయింది. ఆవు కూడా నెమరు ఆపినట్టే గుర్తు.

మిగిలిన ఇద్దరూ నవ్వారు. "ఇరవైకే అడిగినారా? ఇంగ మేమేల ఎక్కువ పెట్టాల?"

రాజమ్మ పలుపు చేతికి చుట్టుకుంది. "ఆ ధరకి నేను ఇయ్యను. ఏమి సారూ, ఇదేనా మీ చదువు?"

"సార్ సంతకి కొత్త, అమ్మా" అంది మునిలక్ష్మి, తల వంచుకుని.

"మన ఆవు గూడా సంతకి కొత్తే గదా. అది అరిచిందా?"

పిల్లలు పగలబడి నవ్వారు. నాకు మాత్రం వానకు కురిసే వాళ్ల ఇంటికప్పు కళ్ల ముందు ఆడింది.

ఆవును నల్లంపల్లిలోని వాళ్లింటిదాకా నేనే నడిపించాను. ఆవే నన్ను నడిపించిందని గిట్టనివాళ్లు అంటారు. మర్నాడు క్లాసులో తప్పు ఒప్పుకుని, గుట్టుకు విలువ ఎందుకో కిష్టప్ప చేతే పాఠం చెప్పించాను. మరుసటి సంతకు గడ్డిమోపు మోసుకెళ్లి, తుండుకు దూరంగా, ఆవుకు అవతల నిలబడ్డాను. అమ్ముడుపోయింది!

"ఎంతకి పోయిందమ్మా?" ఆగలేక గొణిగాను.

"రేకులకి సరిపోయింది సారూ. అంతకుమించి మీకు చెప్తే హరూరు దాకా తెలిసిపోతాది."

ఇకపై టమాటాల ధరైనా కాగితం మీద రాసి అడుగుతానని, డిమాండు, సప్లైల సాక్షిగా ఒట్టు పెట్టుకున్నాను. ఆ ఆదివారం రాజమ్మ ఇంటి రేకులు బిగించేటప్పుడు పొద్దంతా నిచ్చెన పట్టుకున్నాను. ఒక్క మాట మాట్లాడలేదు. మేకులన్నీ నా నోట్లోనే ఉన్నాయి.