కిటికీ లేని గదిలో కద్దీష్

మాంట్రియాల్‌లోని ఆ విశ్వవిద్యాలయంలో, ప్రయోగశాలల గాజు గొట్టాలు బాగుచేస్తూనే ప్రాస్పర్ ఒహానాకు తల నెరిసింది. కుర్రతనంలో మొరాకో నుంచి వచ్చిన యూదుడు. మాట కటువు, పనిలో చెయ్యి మెత్తన. కూతురు సిమీ అక్కడే చదివింది. సెలవులకు జెరూసలేం వెళ్లి, బస్సులో ఉగ్రవాదులు పెట్టిన బాంబుకు బలైపోయింది. అప్పటినుంచి ఆయన అడిగేది ఒక్కటే: ఇలా పోయిన మా పిల్లల పేర్లు గోడమీద రాయండి, ఏటా ఓ రోజు తలచుకోండి, హాస్టల్ తలుపులమీద 'యూదులు పొండి' అని గీకేవాళ్లని పట్టుకోండి.

ప్రతిసారీ జవాబు మర్యాదగానే వచ్చేది. మర్యాదతో కడుపు నిండుతుందా? రాసేది ఉపాధ్యక్షుడు రెనే సబ్బా. అతనూ మనవాడే, యూదుడే. వాళ్ల నాన్న ప్రార్థనామందిరంలో ప్రాస్పర్ పక్క కుర్చీలో కూర్చునేవాడు. అయినా 'యూదు ద్వేషం' అన్న మాట రెనే కలం నుంచి ఊడిపడేది కాదు. 'అన్ని రకాల ద్వేషాలూ' అని రాసి చేతులు దులుపుకునేవాడు. అది చదివినప్పుడల్లా ప్రాస్పర్‌కి ఒళ్లు మండేది.

ఈ ఏడు కనికరించారు. నేలమాళిగలో కిటికీ లేని గది ఇచ్చి, "మీ భద్రత కోసమే" అన్నారు. బోర్డు పెట్టకూడదు, ఎవరికీ చెప్పకూడదు. బిడ్డని తలచుకోవడం కూడా దొంగతనంలా చేయాలన్నమాట.

చనిపోయినవారి కోసం కద్దీష్ ప్రార్థన చదవాలంటే పదిమంది మగవాళ్లుండాలి. మనుషుల్ని లెక్కపెడితే దిష్టి కాబట్టి ప్రాస్పర్ "ఒకటి కాదు, రెండు కాదు" అంటూ తలలు చూశాడు. "తొమ్మిది కాదు" దగ్గర ఆగిపోయాడు. రావలసిన స్నేహితుడు ఎలాగో సంగతి తెలిసి పైన చేరి 'యూదులు పొండి' అని నినాదాలు చేస్తున్న గుంపును చూసి వెనక్కి తిరిగాడట. రెనే మాత్రం గుమ్మం అవతల ఫోను పట్టుకుని నిలబడ్డాడు.

"లోపలికి రావయ్యా, పదోవాడివి," అన్నాడు ప్రాస్పర్.

"నేను డ్యూటీమీద వచ్చాను ఒహానా గారూ."

"మీ నాన్న పోయినప్పుడు రోజూ పొద్దున్నే కద్దీష్‌కి వచ్చి నీ పక్కన నిలబడ్డాను. నేనేమైనా డ్యూటీమీద వచ్చానా?"

రెనే మళ్లీ ఫోను చూసుకున్నాడు. అంతలో మెట్లమీద అరుపులు దగ్గరయ్యాయి. కాపలా మనిషి రెనేని లోపలికి తోసి, బయట తాళం వేశాడు. తలుపుమీద పిడికిళ్లు దడదడలాడాయి. ప్రాస్పర్‌కి భయం వేసింది, భయం కన్నా సిగ్గు ఎక్కువ వేసింది. బిడ్డ కోసమని వచ్చి బోనులో ఎలుకలా ఇరుక్కున్నాడు.

"ఇప్పుడు సరిపోయాం," అన్నారెవరో.

"తోస్తే వచ్చి పడ్డవాణ్ణి కలుపుకోను," అన్నాడు ప్రాస్పర్. "నీ అంతట నువ్వు ఉంటావా రెనే?"

"ఉంటాను బాబాయ్," అని రెనే, ప్రార్థనకి తల కప్పుకోవడానికి టోపీ లేక, నెత్తిమీద తన చెయ్యే పెట్టుకున్నాడు.

"అదీ మరిచిపోయావూ? సొంత చెయ్యి చెల్లదు. పక్కవాడి చెయ్యి కావాలి."

ఎవరూ చెయ్యి చాపలేదు. ఇన్నేళ్లూ ఆ తలని తిట్టుకున్న ప్రాస్పరే దానిమీద అరచెయ్యి ఆన్చి కద్దీష్ మొదలుపెట్టాడు. రెనే అందరికన్నా గట్టిగా "ఆమేన్" అన్నాడు.

చదవడం అయింది. ప్రాస్పర్ చెయ్యి తీయలేదు.

"మా అమ్మాయి పేరు చెప్పు. ఎందుకు పోయిందో చెప్పు."

"సిమీ ఒహానా. యూదురాలైనందుకు చంపేశారు."

"ఇదే మాట పైన చెప్తావా?"

రెనే తలుపు వైపు చూశాడు. "ఇక్కడ చెప్పానుగా బాబాయ్," అన్నాడు.

ప్రాస్పర్ చెయ్యి తీసేశాడు.