బాబాయి వెతికిన తప్పు

పోయిన నెల ఒక పొద్దున కల్లంలో మిరపకాయలు తిరగేస్తుంటే ఫోనొచ్చింది, మా పక్కింటి బాబాయి చిలకలూరిపేట ఆసుపత్రిలో పోయారని. అయ్యో అనుకునేలోపే, ఇక ఆయనకు చెప్పే పని తప్పిందన్న తేలిక కలిగింది. మీ దగ్గర దాచడమెందుకు? ఆ తేలికకు సిగ్గుపడే ఇది రాస్తున్నాను.

బాబాయి స్పిన్నింగు మిల్లులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యారు. ఎవరింట్లో మోటారు మొరాయించినా ముందు చెవి ఆనించి వినేవారు. "మిషను అబద్ధమాడదురా, ఆడితే మనమే ఆడాలి" అనేవారు.

మా ఊరి వాడుకనీళ్లన్నీ సైడు కాలువల్లో పడి నల్లగా వాగులో కలిసేవి. వాటిని శుభ్రం చేసి వదలాలని ఆయన పట్టు. పంచాయతీ వెంటపడి ఊరి చివర గుంట తవ్వించారు. కంకర, ఇసుక పరిచి పైన మెట్టతామర నాటారు. ఒక పక్క చేరిన మురుగు ఆ వేళ్ల మధ్య మెల్లగా జారి, రెండో పక్క తేటగా వచ్చేది. ఆ నీళ్లు గాజుగ్లాసులో పట్టి వీధివీధీ తిరిగారు. "తాగమనట్లేదు, చూడండి చాలు" అంటూ. మావాళ్లు ఆయనకు మురుగు ఇంజినీరని పేరు పెడితే, బిరుదిచ్చినట్టు మురిసిపోయారు.

నేను చేసిన పని ఇది. గట్ల మీద కలుపు మందు కొట్టగా సగం ట్యాంకు మిగిలింది. మర్నాడు అదే ట్యాంకుతో మిరపకు పురుగు మందు కొట్టాలి. కాస్త కలుపు మందు తగిలినా తోట మాడిపోతుందని, మిగిలిందంతా ఇంటిముందు కాలువలో ఒంపి ట్యాంకును మూడుసార్లు కడిగాను. ఆ కాలువ ఎక్కడికి పోతుందో తెలియక కాదు, పట్టక.

పది రోజులకు మెట్టతామర మొత్తం పసుపెక్కి చచ్చిపోయింది. గుంట కంపు కొట్టింది. బాబాయి ఇంటింటికీ వచ్చి, "కాలవలో మందులేమన్నా పోశారేంట్రా?" అని అడిగారు. "లేదు బాబాయ్" అన్నాను. ఆయన నమ్మారు.

గ్రామసభలో లేచి, "నా లెక్కే ఎక్కడో తప్పిందండీ. ఊరు నన్ను క్షమించాలి" అన్నారు. రెండో వరసలో కూర్చున్న నేను, "పోనీలే బాబాయ్, మన మురుక్కి ఏ మొక్క బతుకుద్ది" అని ఓదార్చాను. అందరూ నవ్వారు. తర్వాత ఆ గుంటను మట్టి తోలి పూడ్చేశారు. మూడేళ్లు రోజూ చెబుదామనే వాళ్ల అరుగెక్కి, వానల గురించి మాట్లాడి లేచొచ్చేవాణ్ణి.

పెద్దకర్మ అయ్యాక పిన్నికి చెప్పేశాను. కేకలేస్తుందనుకున్నాను. "ఆయనున్నప్పుడు ఒక్క మాట చెప్పుంటే పోయేది కదయ్యా" అని పెరట్లోకి తీసుకెళ్లింది.

గోడ వెంట పాత రంగు డబ్బాలు ఇరవై దాకా ఉన్నాయి. ఒక్కోదాని మీద బాబాయి చేతిరాత: పెద్ద కంకర, చిన్న కంకర, ఇసుక ఎక్కువ, ఇసుక తక్కువ, సబ్బునీళ్లు, గంజి. తన పొరపాటు ఎక్కడుందో కనిపెట్టాలని, మూడేళ్లుగా ఇంటి మురుగునీళ్లు ఒక్కోదానిలో ఒక్కోరకంగా పోసి చూస్తూ వచ్చారట. ప్రతి డబ్బాలోనూ మెట్టతామర నిండుగా, ఎర్రగా పూసి ఉంది.