అరుణజ్యోతి కుడిచేయి

మా తోడికోడలు అరుణజ్యోతి పదహారేళ్లుగా ఎమ్మిగనూరులో మగ్గం నేస్తోంది. పడుగు మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెకు తాడు లాగేది కుడిచేయి. ఇద్దరు ఆడపిల్లల చదువు ఆ చేతి మీదే నడుస్తోంది. నిరుడు కుడి రొమ్ములో క్యాన్సర్ గడ్డ తీశారు. చంకలో గ్రంథులూ తీసేశారు.

ఆసుపత్రిలో నర్సు నాతోనే చెప్పింది. "ఈ చేతికి ఎప్పుడైనా నీరు పట్టి వాయొచ్చమ్మా. సూది వద్దు, బీపీ పట్టీ వద్దు, బిగుతుగా ఏదీ వద్దు." ఇంటికి రాగానే ఆ చేతి గాజులు తీయించాను. "ముత్తైదువ చేయి బోసిగా పెడతారా?" అన్న ఎదురింటి హంపమ్మను, "నీ పని చూసుకో పో!" అని కసిరాను కూడా.

డాక్టరు సరేనన్నాక అరుణజ్యోతి మళ్లీ మగ్గం ఎక్కింది. జబ్బుపడి లేచినవాళ్లు నేతకు కూర్చుంటే, కొత్త పడుగులోంచి ఏడు పోగులు తీసి పేని, పసుపు పూసి, కుడి మోచేతి పైన కట్టడం మా అత్త నేర్పిన ఆచారం. ఆ పడుగు మీద చీర నేసి మగ్గం నుంచి కోసేదాకా విప్పకూడదు. జారితే అరిష్టమని మూడు ముళ్లు బిగించాను. గాజులు తీయించిన ఈ మొద్దుబుర్రకు అదీ బిగుతేనని తట్టలేదు. దేవుడి దారం కదా!

"బిగుతుగా ఉండాదక్కా," అంది.

"చౌడమ్మ తల్లి దారమే అది! నోరు మూసుకొని నేసుకో."

ఐదో రోజు పొద్దున మగ్గం చప్పుడు లేదు. వెళ్లి చూస్తే ఒళ్లు కాలిపోతోంది. కప్పుకున్న కొంగు తీసి, అమ్మో అని అరిచాను. చేయి ఎర్రగా కమిలి సొరకాయలా ఉబ్బింది. వేళ్లు ముడుచుకోవడం లేదు. దారం కండలో దిగబడి కనబడనే లేదు. మా మరిది హరినాథ్ కత్తెరతో దాన్ని కోశాడు. కారు మాట్లాడుకొని కర్నూలుకు పరుగెత్తాం.

"ఇన్ఫెక్షన్ మందులకు తగ్గుతుంది. నీరు దిగడానికి కట్లు కడతాం, వ్యాయామం నేర్పిస్తాం," అన్నాడు డాక్టరు. "వాపు పూర్తిగా పోతుందని మాత్రం చెప్పలేను. మగ్గం సంగతి ఇప్పుడే అడగొద్దు."

మంచం పక్కన కూలబడి ఏడ్చాను.

"అంత నొప్పి యెట్ల ఓర్చుకుంటివే? పుటుక్కున తెంపి పారేసుంటే పోయేది కదే! దేవుడేమన్నా మింగుతాడా?"

ఆమె నా వైపు చూడలేదు.

"దేవునికి భయపడలేదక్కా. నువ్వు తిడతావని ఊరుకుంటి."